గట్టు మీద చదువుకున్న పొట్టేలు

ఒక పొట్టేలుకి చదువు చెప్పబోయి కోరుకొండ మెట్ల మీద నా పరువెలా పోయిందో చెబుతాను. జాలిపడకండి, నవ్వండి. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను.

మా కాలవపక్క పల్లెకి కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు. మావయ్య ఇంట్లో ఉండి డిగ్రీ వెలగబెడుతున్నాను. ఒకరోజు టీవీలో ఎవరో దొరలు గొర్రెల వీపున సంచులు కట్టి హాయిగా కొండలెక్కేస్తున్నారు. మా పెరట్లోనేమో కూరకని మావయ్య కొన్న పొట్టేలు. రోజూ తవుడు పెట్టేది నేనే కాబట్టి దానిమీద చచ్చేంత మమకారం.

"మావయ్యా, దీనికి సామాన్లు మొయ్యడం నేర్పితే కొయ్యకుండా ఉంచుతారా?"

"మోస్తే ఎందుకు కోస్తాన్రా? వచ్చే నెల కోరుకొండ గుడికి వెళ్తున్నాం కదా, మన పులిహోర దాని వీపు మీద కొండపైకి చేరాలి. చేరకపోతే ఆ ఆదివారం కూరే."

"మాట మీద ఉంటారా?"

"నేనుంటాన్రా. పొట్టేలే ఉంటుందో లేదో."

మర్నాడే శిక్షణ మొదలు. గోనెసంచులు కుట్టి వీపున వేసి, అటో ఇటుక, ఇటో ఇటుక పెట్టి కాలవగట్టు మీద నడిపించాను. ఆహా, ఏం నడకండీ! పెళ్ళికొడుకులా తలెత్తుకుని లాకుల దాకా వెళ్ళొచ్చేది. "ఏంటండీ, ఇటుకల వ్యాపారమా?" అనేవారు దారిన పోయేవాళ్ళు. నేను చిరునవ్వు నవ్వి ఊరుకునేవాణ్ణి. మేధావులకి ఇవన్నీ మామూలే.

ఆ రోజు రానే వచ్చింది. కొండ కింద వ్యాను దిగి, పులిహోర, దద్దోజనం క్యారేజీలు వీపున కట్టి మొదటి మెట్టు ముందు నిలబెట్టాను. పొట్టేలు మెట్టుని చూసింది. నన్ను చూసింది. కూర్చుంది.

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు నేలంతా చాప పరిచినట్టుంటుంది. కాలవగట్టే మాకు హిమాలయం. అది జన్మలో మెట్టన్నది ఎక్కి ఎరగదు. గురువుగారికీ ఆ సంగతి తట్టలేదు.

తవుడు చూపించాను. తాడు పట్టి లాగాను. వెనకనుంచి నెట్టాను. ఊహూఁ.

"మొక్కా బాబూ?" అంది ఒక పెద్దావిడ. "ఈ స్వామికి గొర్రెల్ని ఇవ్వరండి."

"మొక్కు కాదండి, ట్రైనింగండి."

"ఎవరికండి?"

పైమెట్టు మీంచి మావయ్య కేక. "ఒరేయ్, మసాలా నూరించమంటావా?"

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మాదైతే ఆయన వైపు ప్రేమగా చూస్తోంది కూడా!

ఇంక ఆలోచించలేదు. పందెం ప్రకారం పులిహోర దాని వీపు మీదే కదా ఉండాలి? క్యారేజీలతో సహా పొట్టేలుని ఎత్తి భుజాల మీద వేసుకున్నాను. నిట్టనిలువు మెట్లు. దద్దోజనం మెడమీద కారుతోంది. పొట్టేలు నా చొక్కా కాలరు నములుతోంది. భక్తులు దండం పెట్టి మరీ దారిచ్చారు.

పైకెళ్ళి కూలబడ్డాను. "మావయ్యా, దాని వీపు మీదే వచ్చింది. చూసుకోండి."

మావయ్య ఏదో అనబోతుంటే అత్తయ్య అడ్డుపడింది. "ఇంకేం చూస్తారండీ? స్వామి కొండెక్కిన జీవం. దాన్ని నా పొయ్యి మీద పెట్టనివ్వను."

పొట్టేలు బతికింది. సిగ్గులేకుండా అందరి ముందూ ఏడ్చేశాను.

"సరే, బాగానే ఉంది," అన్నారు మావయ్య పులిహోర వడ్డించుకుంటూ. "ఎక్కడమే రాని దానికి దిగడం వస్తుందా?"

స్వామి సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను, ఈ జన్మలో నోరులేని జీవానికి ఇంకేదీ నేర్పనని. చేసి, నిట్టూర్చి, వంగాను.

పొట్టేలు తనంతట తానే నా భుజాలెక్కింది.