పడిపోయిన మంత్రికి వేసిన దండ

నిన్న వేలూరికి మంత్రిని చూసేదానికి పోయి, ఏ గతి పట్టి తిరిగొచ్చినానో వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే ఏడుపొస్తా ఉండాది.

గుడియాత్తంలో మన వీధి బోరింగు ఎండిపోయిన సంగతి మీకు తెలిసిందే. ఢిల్లీ మంత్రి ఒకాయన, మన తెలుగాయనే, వేలూరులో చుట్టాల పెండ్లికి వస్తా ఉండాడని తెలిసింది. "నేను పోయి తెలుగులో ఒక మాట చెవిలో వేస్తే పని అయిపోతాది" అని వీధంతా చెప్పేసినాను. అంతకు ముందు రెండు నాళ్లు పరదరామి పక్కన స్లాబు పని. రాత్రి కూడా ఆడనే పడక. రేడియో లేదు, పేపరు లేదు. పని కాడ నుంచి నేరుగా బస్సెక్కేసి, వేలూరు మార్కెట్లో పెద్ద దండ కొన్నాను.

మంత్రి దిగిన బంగళా కాడ జనమే లేరు. నా అదృష్టం అనుకున్నాను. వరండాలో సాదా చొక్కాయి వేసుకోని ఒకాయన నిలబడి ఉండాడు. ఏం పని మీద వచ్చినారని అడిగినాడు. బోరింగు సంగతి చెప్పినాను.

"దానికి మంత్రి ఎందుకప్పా? ఏ వీధో చెప్పండి" అన్నాడు.

"మీ మాదిరి ఆఫీసోళ్ల చుట్టూ తిరిగి చెప్పులు అరిగిపోయినాయి సార్. ఈసారి పైనే తేల్చుకుంటా. కొంచెం ఇది పట్టుకోండి" అని నా సద్ది సంచి ఆయన చేతిలో పెట్టేసినాను. పాపం, పట్టుకున్నాడు.

మంత్రి బయటికొచ్చినాడు. దండ వేసి, బోరింగు కథంతా చెప్పినాను. ఆయన నీరసంగా నవ్వినాడు.

"నీకు తెలీదా నాయనా? మొన్న పార్లమెంటులో ఓటింగులో ఓడిపోయినాము. ప్రధానమంత్రి రాజీనామా ఇచ్చేసినాడు."

"ఆయన కదా సార్ ఇచ్చింది. మీరు ఇయ్యలేదు కదా?"

"ఆయన పోతే మంత్రులందరమూ పోయినట్టే. నువ్వేం పని చేస్తావు?"

"బిల్డింగు మేస్త్రీ సార్."

"నువ్వు పని వదిలేసి వచ్చేస్తే నీ జట్టు ఆడనే ఉంటాదా?"

"ఉండదు సార్. నాతోనే వచ్చేస్తాది."

"మాదీ అంతే. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా చూసుకోమని రాష్ట్రపతి చెప్పినాడు కాబట్టి ఉండాము. కొత్తగా పెద్ద పని ఏదీ ఎత్తుకోకూడదు. అయినా బోరింగు ఢిల్లీ పని కాదప్పా. మేము వస్తాము, పోతాము. ఆఫీసర్లు ఉంటారు. ఈ జిల్లాలో బోరింగులు చూసేది ఈయనే, అడుగు" అని నా వెనక్కి చెయ్యి చూపించినాడు.

తిరిగి చూస్తే, నా సద్ది సంచి పట్టుకోని ఆయన.

ఆయన సంచి నా చేతికిచ్చి, "సోమవారం ఆఫీసుకు వాంగ, రండి" అన్నాడు. తిట్టి ఉంటే కూడా బాగుండు. చానా మర్యాదగా అన్నాడు. సోమవారం ఏ మొహం పెట్టుకోని పోయేది?

ఇంటికొస్తే వీధి మొగదల ఆడోళ్లంతా కాచుకోని ఉండారు. జరిగింది చెప్పినాను. నా పెండ్లాం సరోజ లోపలికి పోయి బిందె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పక్క వీధికి పోయి నీళ్లు పట్టుకోని రా, మాజీ మంత్రీ" అనింది.

ఈ పొద్దు తెల్లారినప్పటి నుంచి నన్ను మేస్త్రీ అని పిలిచినోళ్లు ఒక్కరు లేరప్పా.