బీరకాయల సంచీతో ఎంట్రీ

ఆ రోజుల్లో నాకు అర్థం కాని విషయాలు చాలానే ఉండేవి గానీ, వాటిలో మొదటి స్థానం మాత్రం మా ఇంటి అమ్మకానిదే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు అమ్మి చూడు అని ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా అమ్మి చూసినవాళ్లకు మళ్లీ సామెతలు చెప్పే ఓపిక మిగలలేదేమో. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నేను కూర్చోని బెంచీ లేదు, డిగ్రీ అయిన మూడేళ్లలో నేను రాయని ఉద్యోగ పరీక్ష లేదు, పాసైన పరీక్షా లేదు. ఇంట్లో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. (అలా అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టేదని రాస్తే బావుంటుంది. నిజం చెప్పాలంటే హాయిగానే ఉండేది.)

మా ఇల్లు మెట్రో లైనుకు నాలుగు సందుల వెనక, ఒక పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నాన్న గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఆ ఫ్లాటు కొన్నప్పుడు "మెట్లెక్కితే ఆరోగ్యం" అన్నారట. ఆ ఆరోగ్యమంతా అమ్మ మోకాళ్లలో అరిగిపోయింది. మొత్తం యాభై నాలుగు మెట్లు. కూరగాయలకని కిందకి వెళితే పైకి వచ్చేటప్పుడు ఊపిరి తీసుకోవడానికి రెండో అంతస్తు మలుపులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంది. డాక్టరు ఇక మెట్లు మానేయమని గట్టిగా చెప్పాక, అల్మాస్‌గూడలో ఒక చిన్న ఇల్లు చూశాం. వాకిట్లోంచి గడపలోకి ఒకటే అడుగు. ఆ ఇంటాయన మంచివాడు. "ఆషాఢం వచ్చేదాకా మీకోసం ఆగుతా సార్, గప్పటికి గూడ మీది అమ్ముడువోకుంటే ఇంకొకలకు మాటిస్త" అన్నాడు. ఆషాఢంలో ఎవరూ ఇల్లు కొనరు గనుక మా చేతిలో ఉన్నవి ఇరవై రెండు రోజులు. ఆలోపు మా ఫ్లాటు అమ్ముడైతే అమ్మ నేల మీద నడుస్తుంది, లేకపోతే ఆ యాభై నాలుగు మెట్లూ అలాగే ఉంటాయి.

నాన్న ఎల్‌బీ నగర్ నుంచి ఒక బ్రోకరును పిలిపించారు. ప్రతి మాట చివరా "ఫైనల్" అనడం ఆయన అలవాటు కాబట్టి మేం ఆయనకు ఫైనలన్న అని పేరు పెట్టుకున్నాం. ఆయన వచ్చేసరికి మేం మా తెలివి కొద్దీ అన్నీ సిద్ధం చేసి ఉంచాం. గోడలకు రంగులు వేయించాం, కారే కుళాయిలు మార్పించాం, స్విచ్చుల మీది వేలిముద్రలు నేనే సర్ఫుతో తుడిచాను. (ఒకసారి షాక్ కొట్టింది, అది వేరే కథ.) ఫైనలన్న ఇల్లంతా తిరిగి, సోఫాలో కూర్చుని, "సార్, ఇంటికేం తక్కువ లేదు. తక్కువున్నదంత మీ కాడనే ఉన్నది" అన్నాడు. నాన్న తన చొక్కా వంక చూసుకున్నారు.

"బయ్యరు మొట్టమొదట అడిగేది రేటు గాదు సార్. ఎందుకు అమ్ముతున్నరు, గిది అడుగుతడు. ఇల్లు అచ్చిరాక అమ్ముతున్నరేమో అని ఆళ్లకు డౌటు. మీరేం జెప్తరు?"

"ఉన్నమాటే చెబుతాం. మా ఆవిడ మెట్లెక్కలేకపోతోంది" అన్నారు నాన్న. ఆయన సర్వీసులో అబద్ధం ఆడింది సెలవు చీటీల్లోనే.

"అయ్యో, గట్లంటె ఖతం! గీ ఇంట్లకొచ్చినంక కాళ్లు పోయినయంట అనుకుంటరు. మోకాళ్ల ముచ్చట ఎత్తొద్దు, ఫైనల్. గా మలుపుల కుర్చీ తీసెయ్యాలె. గీ నొప్పుల మందు వాసన రావొద్దు, అగర్బత్తులు ముట్టియ్యుండ్రి." తర్వాత ఆయన చూపు నా మీద పడింది. "తమ్ముడేం జేస్తడు?"

"పరీక్షలకు చదువుతున్నాడు."

"ఎన్నేండ్ల సంది?"

"మూడేళ్లు" అన్నారు నాన్న, గొంతు తగ్గించి.

ఫైనలన్న నెత్తి పట్టుకున్నాడు. అమ్మ మోకాళ్ల సంగతి విన్నప్పుడు కూడా ఆయన అంత బాధపడలేదు. "గిది గూడ జెప్పొద్దు సార్. కొడుకు ఎదుగుతలేడంటె ఇంటి మీదికే ఒస్తది. తమ్ముడికి మనం ఏదన్న ఒక జాబ్ పెట్టియ్యాలె" అన్నాడు. అలా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం రెండు నిమిషాల్లో వచ్చింది. రంగులు వేసినట్టే, కుళాయి మార్చినట్టే, నన్నూ బాగుచేస్తున్నారన్న సంగతి కాసేపటికి గానీ నాకు ఎక్కలేదు. ఎక్కాక బోలెడంత కోపం వచ్చి, నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. (గడియ కూడా కొత్తదే, చప్పుడు రాలేదు.)

ఇక అమ్మకు అప్పజెప్పిన పని అన్నింటికంటే విచిత్రం. "అమ్మా, బయ్యరు ఇంట్ల ఉన్నప్పుడు మీరు కిందికెల్లి కూరగాయల సంచి పట్టుకొని నవ్వుకుంట రావాలె. మెట్లున్నయన్న ముచ్చటనే ఆళ్ల దిమాక్ల పడొద్దు" అన్నాడు ఫైనలన్న. దీన్ని ఆయన 'ఎంట్రీ' అన్నాడు. నాన్న వద్దనబోయారు. అమ్మే "ఎన్నాళ్లండీ, ఇరవై రోజులేగా. దానికోసమేగా ఇదంతా" అని ఒప్పుకుంది. ఏర్పాటు ఇదీ: బయ్యరు వచ్చే ముందే అమ్మ దిగి వాచ్‌మన్ గది ముందు కూర్చోవాలి. వాళ్లు హాల్లో కుదురుకోగానే నేను మిస్డ్ కాల్ ఇవ్వాలి. అప్పుడు అమ్మ బీరకాయల సంచీతో బయల్దేరాలి. అవే బీరకాయలు నాలుగుసార్లు పైకి వచ్చాయి. ఐదోసారికి వాటి బదులు వంకాయలు పెట్టాం.

నాకు ఇచ్చిన ఉద్యోగంతోనే అసలు తికమక మొదలైంది. మొదటి బయ్యరుకు నాది సాఫ్ట్‌వేర్ అని, పుణెకు వెళుతున్నానని, అందుకే ఇల్లు అమ్ముతున్నామని చెప్పాడు ఫైనలన్న. రెండో ఆయనే పుణెలో పనిచేసి వచ్చినవాడు కావడంతో అక్కడికక్కడే నన్ను బ్యాంకు ఆఫీసరును చేసి, బదిలీ చేయించాడు. మూడో వాళ్లు వచ్చినప్పుడు నాకు వైజాగు పోర్టులో ఏదో ఉద్యోగం వచ్చింది. నాలుగోసారి చంపాపేట నుంచి ఒక పెద్దాయన వచ్చినప్పుడు నేను మళ్లీ బ్యాంకు. ఆయన ముచ్చటపడి "ఏ బ్రాంచి బాబూ?" అని అడిగితే, నేను ఠక్కున పాత సాఫ్ట్‌వేర్ పాఠంలోంచి "టెస్టింగ్ అండి" అన్నాను. ఆయన నావైపు, ఫైనలన్న వైపు చూశారు. నాన్న ఆదుకోబోయి "నోట్లండి, నోట్లు టెస్టింగ్" అన్నారు. సరిగ్గా అప్పుడే అమ్మ నవ్వుతూ బీరకాయలతో లోపలికి వచ్చింది గానీ, ఆ పెద్దాయన అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు.

ఇంకోరోజు ఎవరూ రాకుండానే నా జేబులోంచి కాల్ దానంతటదే అమ్మకు వెళ్లింది. పావుగంట తర్వాత తలుపు బయటికి చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది, కాసేపటికి మొహం తుడుచుకుని నవ్వుతూ అమ్మ. "ఏరిరా?" అంది. "ఇంకా రాలేదమ్మా, పొరపాటున నొక్కుకుంది" అన్నాను. అమ్మ మళ్లీ దిగి వెళ్లింది. నేను ఆ సాయంత్రం 'నన్ను అబద్ధంగా మార్చేశారు' అని ఒక స్నేహితుడికి రెండు పేజీల మెసేజ్ పెట్టాను.

ఆషాఢానికి ఆరు రోజులుందనగా ఆరో బయ్యరు వస్తున్నారని కబురొచ్చింది. ఫైనలన్న ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఇంతలో నేను కాల్ ఇవ్వకుండానే అమ్మ వచ్చేసింది. వెనకాల సంచీ పట్టుకుని ఎవరో ఒక ఆవిడ. అమ్మకు ఆయాసంతో మాట రావడం లేదు, ఏదో చెప్పబోయి చేయి ఊపి కూర్చుంది. ఆవిడెవరో వాచ్‌మన్ చుట్టం, పాపం సంచీ తెచ్చిపెట్టింది అనుకున్నాం. నాన్న మంచినీళ్లిచ్చి కూర్చోమన్నారు. ఆ తర్వాత ఆవిడ ఎదురుగానే మా సమావేశం మొదలైంది.

"ఏరా, ఇవాళ నీ ఉద్యోగమేంటి?"

"బ్యాంకు వద్దు నాన్నా, బ్రాంచి అడుగుతారు. పోర్టు అందాం."

"పోర్టుకు నీ చదువు సరిపోదు. సాఫ్ట్‌వేరే నయం. మరి అమ్మ ఎందుకు ముందే వచ్చేసింది? ఇప్పుడు మళ్లీ దిగాలా?"

అమ్మ రెండు చేతులూ ఊపింది. దిగలేనంటోంది అనుకున్నాం. ఆవిడ మాత్రం గ్లాసు పట్టుకుని ఒకసారి నాన్నను, ఒకసారి నన్ను చూస్తోంది. అప్పుడే ఫైనలన్న చెమటలు కక్కుతూ వచ్చి, "అరె అక్కా, ముందే ఒచ్చినవా! సార్, గీమెనే బయ్యరు" అన్నాడు. నాన్న కూర్చున్నవారు లేచి నిలబడ్డారు. నిలబడ్డ నేను కూర్చున్నాను.

ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. ఇంటాయనకు రెండు లారీలున్నాయట. "నేను గంట కిందనే ఒచ్చిన. మీ అమ్మ కిందికి దిగుకుంట రెండో అంతస్తుల మెట్ల మీద కూలబడ్డది. దమ్ము ఆడుతలేదు. నేను గూడ పక్కన కూసున్న. అన్ని ముచ్చట్లు అయినయ్" అంది. ఫైనలన్న మొహం పాలిపోయింది. ఆవిడ నావైపు తిరిగింది. "బిడ్డా, నీకు నౌకరి ఉన్నదో లేదో నాకెందుకు? గింత పెద్ద పిలగానివి ఇంట్ల ఉండంగ, గా సంచి అమ్మతోని ఎందుకు మోపిస్తున్నవ్?"

మూడేళ్లలో ఎన్నో ప్రశ్నపత్రాలు చూశాను. అంత చిన్న ప్రశ్న వాటిలో ఎక్కడా రాలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గు కప్పుకోవడానికి సంచీ తీసుకుని వంటింట్లోకి పోయాను. వంకాయలు ఫ్రిజ్‌లో పెడుతుంటే ఆవిడ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి: "మా ఇద్దరు పిల్లలు ఈడనే హాస్టల్ల ఉండి కోచింగుకు పోతున్నరు. తిండి సక్కగ లేదు. మెట్లు ఎక్కేది ఆళ్లు, నాకేం బాధ? మోకాళ్ల నొప్పికి అమ్ముతున్నమంటె నమ్మబుద్ధయితది సారూ. గీ పోర్టులు, బ్యాంకులు చెప్తెనే అనుమానమొస్తది." మర్నాడే భర్తను తీసుకొచ్చి మాట ఖాయం చేసుకుంది. "ఫైనల్" అనడం ఆ రోజు ఫైనలన్న మర్చిపోయాడు. ఆషాఢం మొదలయ్యే లోపే అల్మాస్‌గూడ ఆయనకూ మాటిచ్చేశాం.

కొత్తింట్లో దిగిన వారానికి, అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట అప్పుడు అడిగాను. "అన్నిసార్లు ఎలా ఎక్కావమ్మా? వద్దని ఒక్కసారైనా అనలేదేం?"

"ఎక్కలేక చచ్చానురా" అంది అమ్మ, రాయి ఏరి పారేస్తూ. "కానీ తలుపు దాకా వచ్చేసరికి లోపల ఆ ఫైనలన్న నీ ఉద్యోగం గురించి చెబుతూ ఉండేవాడు. బయట నిలబడి కాస్త విని, అప్పుడు వచ్చేదాన్ని. ఒక్కోసారి ఒక్కో ఉద్యోగం. నాకైతే బ్యాంకుదే బావుంది."

నేను నవ్వాను, అమ్మా నవ్వింది. తర్వాత రెండేళ్లకు నాకు నిజంగానే ఉద్యోగం వచ్చింది, ఉప్పల్‌లో ఒక గోడౌన్ లెక్కల విభాగంలో. అమ్మ చాలా సంతోషించింది, వీధంతా స్వీట్లు పంచింది. అయినా ఎవరైనా అడిగితే "మావాడికి అప్పట్లో బ్యాంకు కూడా వచ్చిందండీ, ఊరు మారాలని వద్దనుకున్నాడు" అని చెబుతుంది. నేను కాదనను. తలుపుకు అటువైపు అమ్మ నిలబడి వింటుంటే, ఇటువైపు మొహం మాడ్చుకుని కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. తనకు అన్యాయం జరిగిపోతోందనుకుంటూ ఉంటాడు పాపం.