బిగించిన మరచెంబు

మా ఇంట్లో ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. దాని మూతను నేను బిగిస్తే నా భార్య చేతికి కూడా ఊడివచ్చేది కాదు. ప్రయాణం రోజున దాన్ని అలా బిగించి పట్టుకోవడం నా పద్ధతి. పిల్లల చేతికి నీళ్ళు అందితే తాగుతారు. తాగితే బస్సు ఆపమంటారు. వాళ్ళు బస్సు ఆపమనకూడదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను హిందూపురం బస్టాండులో ఒక ప్రైవేటు సర్వీసుకు టైంకీపరుని. బస్సు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో పుస్తకంలో రాయడం, ఆలస్యమైతే డ్రైవరును నిలదీయడం నా పని. డ్రైవర్లు చెప్పే కారణాల్లో సగం పిల్లలే. సోమందేపల్లి దాటగానే ఒక బిడ్డ ఒంటికి పోవాలందని, పెనుకొండ ముందర ఇంకో బిడ్డ కక్కిందని. అందుకని చంకలో బిడ్డతో బస్సెక్కే ప్రతి తల్లినీ అందరి ముందరా అనేవాణ్ణి.

"ఇంట్లోనే అన్నీ కానిచ్చుకోని రాకూడదామ్మా? ఇదేమన్నా మీ ఎద్దులబండా, యాడంటే ఆడ నిలపడానికి?"

వాళ్ళు తల వంచుకునేవారు. అది చూస్తే నాకు బాగుండేది. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పుడు బాగుండేదన్నది నిజం.

అలాంటివాణ్ణి నా పిల్లల కోసం బస్సు ఆపిస్తే డ్రైవర్ల ముందు తలెత్తుకోగలనా? నా భయమంతా అదే.

ఏటా మే నెలలో పది రోజులు ధర్మవరంలో మా అత్తగారింటికి పోయేవాళ్ళం. మా పిల్లలకు సెలవులంటే అవే. పెనుకొండలో దిగి ఇంకో బస్సెక్కాలి. ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి పిల్లలకు ఒక్క గుక్క నీళ్ళే, నోరు తడుపుకోవడానికి. బస్సులో ఏమీ అడగకూడదు. అడిగితే అక్కడే దించి వెనక్కి తీసుకుపోతానని చెప్పేవాణ్ణి. పైగా నా డ్యూటీ ముగిశాకే ప్రయాణం. అంటే పదకొండు గంటల బస్సు, నడినెత్తిన ఎండ.

"మొదటి బస్సుకు పోదామయ్యా, చల్లగా ఉంటాది" అని నా భార్య ప్రతి ఏడూ అడిగేది.

"మొదటి బస్సును పంపించేదెవరు? మీ నాయన వచ్చి పంపిస్తాడా?" అనేవాణ్ణి.

నేను చెప్పదలచుకున్న ఏడాది మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, పిల్లవాడికి నాలుగు. డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాం. ఊరు దాటి ఎంతో దూరం పోలేదు, పిల్లవాడు "నాయనా, నీళ్ళు" అన్నాడు. నేను తిరిగి చూసేలోపే అమ్మాయి వాడి తొడ గిల్లింది.

"అడగొద్దని చెప్పల్యా? వెనక్కి తోలుకోనిపోతాడు."

నా పని నా కూతురే చేస్తోందని ఆ క్షణాన నేను సంతోషపడ్డాను.

సోమందేపల్లిలో ఇంజను కాగిపోయి పొగలు కక్కింది. డ్రైవరు బస్సు ఆపి, రోడ్డు పక్క అంగడి తొట్టిలోంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి పోయసాగాడు. పిల్లవాడు కిటికీలోంచి కళ్ళార్పకుండా చూశాడు.

"అమ్మా, బస్సుకు నీళ్ళు పోస్తాండారు. నాకెప్పుడు పోస్తారు?"

బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు.

"ఏమబ్బా టైంకీపరూ! నా బండికి అడక్కుండానే పోస్తా. నీ కొడుకు అడిగినా పొయ్యవా? దింపు పిల్లోళ్ళను. ఇంజను చల్లారేదాకా బండి ఈడనే ఉంటాది."

ఎవరి ముందు పరువు పోతుందని నేను పిల్లల నోళ్ళు కట్టేశానో, ఆ మనిషే దింపమంటున్నాడు. అయినా నా నోట మంచి మాట రాలేదు.

"నా పిల్లలకేం అవసరం లేదు. నువ్వు నీ ఇంజను సంగతి చూసుకో. ఇప్పటికే పది నిమిషాలు లేటు."

నా భార్య మరచెంబు లాక్కుంది. మూత తిప్పింది, కదల్లేదు. పైటకొంగు చుట్టి తిప్పింది, అయినా కదల్లేదు.

"తియ్యి."

"కూర్చో."

"తియ్యయ్యా! నువ్వు మనిషివేనా?"

అందరూ చూస్తున్నారని తీశాను. పిల్లవాడికి రెండు గుక్కలు పోసి మళ్ళీ బిగించాను. అమ్మాయిని "నీకూ కావల్లనా?" అని గద్దించినట్టు అడిగాను. మోకాళ్ళు దగ్గరగా నొక్కిపెట్టుకుని కూర్చుని ఉంది. "వద్దు నాయనా" అంది. బుద్ధిమంతురాలనుకున్నాను.

పెనుకొండలో అందరూ దిగారు. అమ్మాయి మాత్రం లేవలేదు. దిగమన్నాను. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. చెయ్యి పట్టి లేపితే పావడా తడిసి ఉంది, సీటు తడిసి ఉంది. కండక్టరు చూశాడు. వాడు చూశాడన్న కోపం కూడా దాని మీదే చూపించాను.

"తొమ్మిదేండ్లొచ్చినాయి. సిగ్గు లేదా?"

అది నా వైపు తిరిగింది.

"నేను అడగల్యా నాయనా. బస్సు నిలపమని నేను అడగల్యా."

నేను పెట్టిన నియమాన్ని తను తప్పలేదని చెప్పుకుంటోంది. నా భార్య తన కొంగు దాని నడుముకు చుట్టి, రోడ్డు పక్కన ఎవరి ఇంట్లోకో తీసుకుపోయింది. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి ధర్మవరం బస్సు పోయింది. తర్వాతి బస్సులో ఆమె పిల్లలిద్దరినీ తీసుకుని వెనక సీట్లో కూర్చుంది.

ఆ సాయంత్రానికే అమ్మాయికి జ్వరం. ఒంటికి పోతే మంటని ఏడుపు, ఆ మంటకు భయపడి నీళ్ళు తాగనని మొండికేయడం. మా అత్తగారు బార్లీ నీళ్ళ గ్లాసుతో పక్కన కూర్చుంది. నేను గడపలో నిలబడ్డాను. గ్లాసు నోటి దగ్గర పెట్టిన ప్రతిసారీ అమ్మాయి నా వైపు చూస్తోంది. ఆ సంగతి నాకంటే ముందు మా అత్త గమనించింది.

"ఏమప్పా, బస్టాండులో ఊరోళ్ళ బిడ్డల్ని కరిచేది చాలకనా ఇంట్లో బిడ్డల మీద పడితివి? పాప నీ మొగం చూసి తాగేకి భయపడతాంది. నువ్వు ఊరికి పో."

"అల్లుణ్ణి ఇట్లేనా పంపించేది?" అన్నాను. అంత జరిగినా నాకు గుర్తొచ్చింది అల్లుడి మర్యాదే.

"మర్యాదలు తర్వాత. ముందు పాప సుకంగా ఒంటికి పోనీ."

మరుసటి పొద్దున నేనొక్కణ్ణే హిందూపురం వచ్చేశాను.

పది రోజులు గడిచాక, నాకు మధ్యాహ్నం డ్యూటీ పడిన రోజున, పెనుకొండ బస్సు ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అదే డ్రైవరు. పుస్తకం పట్టుకుని మీదికి పోయాను.

"సోమందేపల్లిలో నిద్ర పోయినావా?"

అతను వేలితో వెనక్కి చూపించాడు. నా భార్య దిగుతోంది.

"నేనే నిలపమన్నా. మూడు చోట్ల. రాసుకో."

వెనక పిల్లలు దిగారు. పిల్లవాడి చొక్కా తడిసి ఉంది. మూత లేని మరచెంబు వాడి చేతిలో ఉంది. మూత మోయడం వాడి పని కాదట, అక్క పనట. వాళ్ళమ్మ ఇద్దరికీ చెరొక పని అప్పగించింది. తర్వాత పిల్లవాడే అంతా చెప్పాడు. ధర్మవరంలో మొదటి బస్సెక్కారు. పెనుకొండలో దిగగానే వచ్చిన బస్సెక్కకుండా చింతచెట్టు కింద చిత్రాన్నం తిని, పరుగులు తీసి ఆడుకుని, ఆ తర్వాతి బస్సెక్కారు. నిలిపిన ప్రతి చోటా, కావాలా అని అడగకుండానే వాళ్ళమ్మ ఇద్దరినీ దింపింది. వాళ్ళను చూసి మిగతా ఆడవాళ్ళూ తమ పిల్లలను దింపారు. ఎవరూ తిట్టలేదు. ఇన్నేళ్ళు నేను భయపడి చచ్చింది ఆ ఇరవై ఐదు నిమిషాలకు.

అయినా రాశాను. ఆలస్యం ఎంతో రాశాను, కారణం దగ్గర 'ప్రయాణికుల పిల్లలు' అని రాశాను. డ్రైవరుకు యజమాని దగ్గర చీవాట్లు పడ్డాయి. అతను మళ్ళీ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నా భార్య కూడా ఆ పుస్తకం సంగతి మర్చిపోలేదు. ఆ మరుసటి ఏడు నుంచి మొదటి బస్సుకు తనే పిల్లలతో పోయింది. నేను బస్సెక్కించి పంపేవాణ్ణి. తిరిగొచ్చాక పిల్లవాడు దారి కబుర్లు చెప్పేవాడు. వాటిలో ఎక్కడా నేను ఉండేవాణ్ణి కాదు.

అరవైల్లో మా అమ్మాయి టీచరు ట్రైనింగుకు అనంతపురం బయల్దేరింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే. మరచెంబు నింపి, మూత వదులుగా పెట్టి కిటికీలోంచి అందించాను. డ్రైవరుకు అందరూ వినేలా చెప్పాను.

"సోమందేపల్లిలో ఐదు నిమిషాలు నిలుపప్పా. లేటయితే నేను రాయను."

"ఎందుకు నాయనా? నాకేం అవసరం రాదులే" అంది అమ్మాయి.

"కొంచెం తాగమ్మా."

చెంబు ఎత్తి, నా ముఖం వైపు చూసి ఒక్క గుక్క తాగింది. నోరు తడిసేంత. మూత పెట్టి గట్టిగా బిగించింది.

"దిగినాక తాగుతా."

బస్సు సరిగ్గా టైముకు కదిలింది. పుస్తకంలో అలాగే రాశాను.