నాలుగు మీటర్ల దగ్గర ఆగిన వాగు

ఆ రోజుల్లో నాకు తెలియనివి లోకంలో ఒకటో రెండో ఉండేవి, అవీ త్వరలోనే తెలిసిపోతాయని ధీమా. చదువు అయ్యీ అవ్వగానే దొరికిన ఉద్యోగం అలాంటిది మరి. మెలికలు తిరిగే వాగులు ఏళ్లు గడిచేకొద్దీ ఎటు జరుగుతాయో కంప్యూటర్లో లెక్కకట్టి చెప్పాలి. భద్రాచలంలో కిరాయి గది, చర్ల వైపు బస్సు, ఒళ్లో లాప్‌టాప్. (బస్సులో ఒకాయన ఏం పని అని అడిగితే, వాగు ముందుముందు ఏమవుతుందో చెప్తానన్నాను. ఆయన వెంటనే అరచెయ్యి చాపాడు.)

నాకు అప్పగించిన మెలిక ఒక మిర్చి చేనుని ఆనుకుని ఉండేది. ఆ రైతుని పెద్దయ్య అని, ఆయన భార్యని పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి. ఒడ్డు అంచుకి సరిగ్గా నాలుగు మీటర్ల దూరంలో, చేను వైపు, ఆరు ఇనుప చువ్వలు పాతాను. చువ్వ నుంచి ఒడ్డు అంచు దాకా నెలనెలా టేపు పెట్టి కొలిస్తే వాగు ఎంత కోసిందో తెలుస్తుంది. మొదటి నెల మూడు మీటర్లే వచ్చింది. కంప్యూటర్ అర మీటరే పోతుందంటే వాగు ఏకంగా మీటరు తినేసింది. పెద్దమ్మ వడ్డించిన అన్నం కూడా ముట్టకుండా వెళ్లిపోయాను. మరుసటి నెల నుంచి మాత్రం ప్రతిసారీ నాలుగే. (మొదటిసారి టేపు నేనే తప్పుగా చదివానని ఆ మూడు కొట్టేశాను. అంత తెలివి.)

అప్పటికే పెద్దయ్య కట్టుకున్న మోటరు గదులు రెండు వాగులో కలిసిపోయాయి. ఇప్పుడు కట్టే మూడోది గూడ పోతే ఇగ ఎవుసం బందే అన్నాడాయన. ముప్పై ఏళ్లు ఒడ్డు కదలదు, చువ్వల పక్కనే కట్టుకో అని గీతలు చూపించి మరీ భరోసా ఇచ్చాను. ఇటుకలు దిగాయి, పునాది తవ్వారు. తీరా రాయి వేసే పొద్దున పెద్దమ్మ గుంటలో దిగి నిలబడింది. సారు కంప్యూటర్ల చూసి చెప్పిండు, నీకేం ఎరుక అని పెద్దయ్య విసుక్కున్నాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఆ సీకులు నేనే జరుపుతున్న బిడ్డా. మూడొచ్చిందని మొకం మాడ్చుకొని అన్నం తినకుండ పోతివి. మీ పెద్దసారు కోప్పడ్తడేమోనని, ఒడ్డు విరిగినప్పుడల్లా పీకి నాలుగు కొలిచి పాతిన."

మీటర్లు ఎలా కొలిచావని అడిగాను. నా టేపు పక్కన పెట్టి ముడి వేసుకున్న బర్రె తాడు చూపించింది. ముడి దగ్గర సెంటీమీటరు కూడా తేడా లేదు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది, కానీ ఉన్న ఒక్క గుంటలో ఆమె నిలబడి ఉంది.

పెద్దయ్య నన్ను తిట్టలేదు. "సారూ, ఇటుకలకు నువ్వు గూడ ఒక చెయ్యి వెయ్" అన్నాడంతే. చేను అవతలి గట్టుకి మధ్యాహ్నం దాకా మోశాను. తర్వాత ఆమె పక్కన కూర్చుని, ఏ వానకి ఎన్ని అడుగులు జరిపిందో రాసుకున్నాను. నాట్లప్పుడు రెండు, బతుకమ్మ ముందు మూడు, బర్రె ఈనిన వారం ఒకటి. అన్నీ ఎక్కిస్తే, వాగు ఆ గుంట దాకా రావడానికి ఇంకో రెండు వానాకాలాలు అంది కంప్యూటర్. పునాది గుంట మొదటిదానికే పోయింది. గట్టు మీది మోటరు గది మాత్రం నిలిచింది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. లెక్క తప్పితే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటాను, ఎవరూ పట్టించుకోరు, తప్పు అంకె తప్పుగానే ఉంటుంది. పని అలాగే జరగాలి, నాకు తెలుసు. కానీ నేను ఒక పూట అన్నం మానేశానని వాగునే ఆపి ఉంచిన మనిషి గుర్తొస్తే, ఆ కుర్ర మేధావి మీద కోపం రాదు. కొంచెం అసూయ వేస్తుంది.