కొండమీది బావిలో గాజు

ఆ ఊళ్లో బావి ఉంది. ఆమె చెప్పినట్టే ఊరి నడుమ, మూడు మూలల రాతి మైదానంలో, ఎనిమిది పలకల గట్టు మీద ఉంది. కొన్ని వందల ఏళ్లు తాళ్లు ఒరుసుకుని దాని రాతి అంచు మీద లోతైన చారలు పడ్డాయి. ఇవన్నీ ఆమె చెప్పినప్పుడు అబద్ధమని పదిమంది ముందు నవ్వినవాణ్ణి నేను. అందుకే బావితో మొదలుపెడుతున్నాను.

నేను కువైట్‌లో ఇంటి డ్రైవర్ని. పందొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి పెద్దావిడ బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయింది. పనివాళ్లమంతా ఆమెను మామా అనేవాళ్లం, అరబ్బీలో అమ్మ అని. మోకాళ్లు పట్టు తప్పాక చక్రాల కుర్చీలో తిరిగేది. ఏటా వేసవిలో ఇటలీలోని ఒక కొండమీది ఊరికి పోయి నెలరోజులు ఉండి వచ్చేది. ఆ ఏడు కుర్చీ తోయడానికి ఇంట్లో పనిచేసే ఆడమనిషిని వెంట తీసుకుపోయింది. ఆమెది రాయచోటి దగ్గరి పల్లె. మా పల్లెకు గంట ప్రయాణం. అప్పటికి ఆమె ఆ ఇంటికి వచ్చి రెండేళ్లు. నేను చేరి పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో నేను మామాతో పోయిన అతి దూరపు చోటు వఫ్రా, వాళ్ల తోట దాకా.

వాళ్లు తిరిగొచ్చిన మధ్యాహ్నం విమానాశ్రయానికి నేనే వెళ్లాను. కారు హైవే ఎక్కాక మామా వెనక సీట్లోంచి చెయ్యి ముందుకు చాపి చూపించింది. ఎప్పుడూ ఆ మణికట్టు మీద ఉండే పెళ్లినాటి సన్నని బంగారు గాజు లేదు.

"బావికిచ్చేశాను," అంది అరబ్బీలో, నవ్వుతూ. "పెళ్లయిన కొత్తలో ఆయనతో పోయినప్పుడు ఆ బావిలో నాణెం వేశాను. ఈసారి చేతిలో నాణెం లేదు."

మామా పక్కన కూర్చున్న ఆమె, "వద్దంటే వినలేదన్నా. ఇనుప జల్లెడ సందులోంచి జారవిడిచేసింది," అని మన భాషలో నాకు చెప్పింది.

అద్దంలో చూసి తలూపాను. ఆ తలూపడం నాకు బాగా గుర్తుంది.

శుక్రవారాలు మామాను ఫహాహీల్‌లో వాళ్ల చెల్లెలి ఇంట్లో దించి, మేమిద్దరం అబూ హలీఫాలో మా వైపు వాళ్ల ఫ్లాటుకు పోయేవాళ్లం. అక్కడ కడప, రాయచోటి ఆడవాళ్లు వంట చేసేవాళ్లు. ఒకరిద్దరు జగిత్యాల వాళ్లూ వచ్చేవాళ్లు. ఇటలీ నుంచి వచ్చిన తర్వాత మొదటి శుక్రవారం అందరూ ఆమె చుట్టూ చేరారు.

చెప్పింది. ఆమెకు చదువు ఐదో తరగతి. చరిత్రంతా మామా నోటి నుంచి, కుర్చీ తోస్తూ, రెండేళ్లలో పట్టుబడిన ఇంటి అరబ్బీలో విన్నది. దాన్ని మా యాసలోకి మార్చి చెప్తుంటే వంటగదిలో వాళ్లు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"మన సిద్దవటం కోట ఉండాదే, అట్లా గోడ ఊరి చుట్టూ. లోపలికి పోను రాతి కమాను. రోముకు నడిచిపోయే యాత్రికులు ఆ దోవనే పోయేవాళ్లంట. మనం బిర్యానీలోకేసే కుంకుంపువ్వు అమ్మి కోటీశ్వర్లయినారంట ఆ ఊరోళ్లు. అయినాంక ఏముంది, రెండు వర్గాలు. మన పక్క మాదిరే, వీడి మనిషిని వాడు, వాడి మనిషిని వీడు నరుక్కునేది. ఇంటింటికీ ఒక రాతి బురుజు. ఎవునిది ఎత్తుగా ఉంటే వాడు గొప్ప. డెబ్బై పైన లేపినారంట. ఊరి కచేరీ బురుజు కంటే ఎత్తు కట్టగూడదని చట్టం పెడితే, ఒక వర్గమోడు పొట్టివి రెండు పక్కపక్కనే కట్టి, రెండూ కలిపితే నాదే పొడుగన్యాడంట!"

నవ్వులు. ఆమె కళ్లు మెరిశాయి.

"మరి ఆ బురుజులన్నీ ఏమైనాయి?" ఎవరో అడిగారు.

"మాయరోగం వచ్చి ఊరు ఊరంతా పోయింది. మిగిలినోళ్లు పెద్ద పట్నం కిందికి పోయినారు. పడగొట్టి కొత్తవి కట్టుకునేకి కూడా చేతగాలేదంట, అందుకే ఇప్పటికీ పద్నాలుగో ఎన్నో నిలబడుండాయి. బీదరికమే కాపాడిందంటాది మామా. గుడి గోడ మీద నరకం బొమ్మలుండాయి, చూడలేక తల తిప్పుకున్యా."

ఆ గదిలో పద్నాలుగేళ్ల సీనియర్ని నేను. ఎవరి ఇఖామాకు, అంటే అక్కడ ఉండే అనుమతికి, చిక్కొచ్చినా నన్నే అడిగేవాళ్లు. ఆ రోజు నావైపు ఎవరూ చూడలేదు.

"ఏమ్మే," అన్నాను. "నిన్ను తీసుకపోయింది అంట్లు తోమను. నువ్వు వంటింటి కిటికీలోంచి ఇవన్నీ చూసినావా?"

జగిత్యాల ఆయన అందుకున్నాడు. "డెబ్బై టవర్లంటివి, గాడ ఫోన్ సిగ్నల్ మస్తు అస్తుండొచ్చు గదనే చెల్లె!"

పగలబడి నవ్వారు. నేను ఆపలేదు. "మామా ఫోన్‌లో ఏదో సినిమా చూసుంటాది, అదే ఊరనుకున్యాది," అన్నాను. నిజానికి ఆ ఊరి ఫోటోలు మామా నాకు కారులోనే చూపించింది. బురుజులు నేను చూశాను. లెక్కపెట్టాను కూడా. ఆ రోజు నుంచి ఆమె పేరు టవర్లమ్మ. ఆమె ఏం చెప్పబోయినా, కూర ధర చెప్పినా, "టవర్లమ్మ చెప్పింది, నమ్మాల్సిందే" అనేవాళ్లు. నెల తిరక్కుండానే ఆమె శుక్రవారాలు మూలన కూర్చుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. అది చూసి నాకు హాయిగా ఉండేది. ఈ మాట దాచుకుంటే ఇదంతా రాయడం దండగ.

ఆ హాయి వెనక ఇంకొకటి ఉంది. మా తమ్ముడి భార్య కువైట్ రావాలని ఏడాదిగా ఎదురుచూస్తోంది. మా పక్కన ఇళ్లల్లో పని ఎలా దొరుకుతుందో అందరికీ తెలుసు. ఒక ఇంట్లో ఆడమనిషి పోతే ఆ ఇంటి డ్రైవర్ని అడుగుతారు, నీకు తెలిసినవాళ్లున్నారా అని. ఆ చోటు ఖాళీ అయితే చాలు.

చలికాలం మొదట్లో మామా మనవరాలి పెళ్లి వచ్చింది. నగలు తీసినప్పుడు మామా పెళ్లినాటి గాజుల జతలో ఒకటి లేదు. అప్పటికి మామాకు మతిమరుపు ముదిరింది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. పెద్దకొడుకు, అంటే మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్, రాయచోటి ఆమెను హాల్లో నిలబెట్టి అడిగాడు. ఆమె బావి సంగతి చెప్పింది. ఆయన తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, బావిలో వేశావా?"

"ఏ బావి?" అంది మామా.

ఆమె పెట్టె తెచ్చి నేల మీద కుమ్మరించారు. మామా కొనిచ్చిన చిటికెన వేలంత రాతి బురుజు బొమ్మ ఒకటి దొర్లింది. "ఇది కూడా కాజేసిందే," అంది కోడలు. రాయచోటి ఆమె నావైపు తిరిగింది. ఆ ముఖంలో భయం లేదు, ఒడ్డు కనిపించినవాళ్ల ధైర్యం ఉంది.

"అన్నా, నువ్వు చెప్పన్నా. కారులో నీ ముందరే అనింది కదా మామా. నువ్వు తలకాయ కూడా ఊపినావు."

కఫీల్ నన్ను చూశాడు. "విన్నావా?"

"లేదు," అన్నాను.

"ఈమె నిజం చెప్పే మనిషేనా? మీ వాళ్లలో ఎలా అనుకుంటారు?"

"కథలు చెప్తుంది సార్. మా వాళ్లందరికీ తెలుసు. అడగండి."

ఆయన నిజంగానే అడిగాడు. శుక్రవారం ఫ్లాటుకొచ్చే ఇద్దరికి నా ఫోన్ నుంచే చేసి, స్పీకర్ పెట్టించాడు. సంగతేమిటో వాళ్లకు తెలియదు. "టవర్లమ్మా? భలే కోతలు కోస్తాది సార్," అని ఇద్దరూ నవ్వారు. మూడు నెలలుగా నేను కూర్చిన సాక్ష్యం అలా అరనిమిషంలో పనికొచ్చింది.

"ఖలాస్, అయిపోయింది," అన్నాడు కఫీల్.

పోలీసుల దాకా పోలేదు, పరువు అన్నారు. టికెట్ అయ్యేదాకా ఆమెను వఫ్రా తోటలో ఉంచమన్నారు. నేనే తీసుకుపోయాను. గొర్రెల కొట్టం పక్క రేకుల గదిలో నాలుగు రోజులు ఉంచి బయట గడియ పెట్టారు. ఐదో రోజు పొద్దున నేనే తీసుకుని విమానాశ్రయానికి బయల్దేరాను. ఒంటి మీద గొర్రెల వాసన. టెర్మినల్ ముందు కారు ఆపాక అడిగింది.

"ఇప్పుడు ఎవరూ లేరు కదన్నా. విన్యావా, లేదా?"

"యల్లా, దిగు. లేటయితాది," అన్నాను.

దిగింది. డిక్కీలోంచి సంచి తనే తీసుకుంది. నేను సీట్లోంచి కదల్లేదు.

నెలన్నరకు మా తమ్ముడి భార్య ఆ ఇంట్లో చేరింది. అదే గది, అదే మంచం. మరుసటి వేసవిలో మామాను ఆ కొండమీది ఊరికి తీసుకుపోయింది కూడా తనే. ఒకరోజు సాయంత్రం నాకు వీడియో పంపింది. రాతి కమాను, కచేరీ బురుజు, పక్కపక్కనే నిలబడ్డ ఆ రెండు పొట్టి బురుజులు, తర్వాత బావి. కుర్చీలో ఉన్న మామా ఇనుప జల్లెడ మీదికి వంగి, లోపలికి వేలు చూపిస్తూ స్పష్టంగా అంది: "నా గాజు ఇందులోనే ఉంది. పోయినసారి వేశాను." ఆ రాళ్ల మధ్యకు పోయేసరికి ఆమెకు అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి.

వెంటనే ఫోన్ వచ్చింది.

"బావా, విన్యావా? అంటే ఆయమ్మ తీయలేదు. ఇప్పుడేం చేద్దాం? ఈ మాట సారుకు తెలిస్తే ఆయమ్మను మళ్లీ పిలుస్తారేమో, నన్ను పంపిస్తారేమో."

తను భయపడుతూ అడిగింది. నేనొక్క మాట అంటే ఆ వీడియో కఫీల్‌కు చేరేది.

"తీసెయ్," అన్నాను. "నీ ఫోన్‌లోనూ తీసెయ్, నాకు పంపిందీ తీసెయ్."

మొదటిసారి కుళ్లు అనుకోవచ్చు. ఈసారి నెలల తరబడి ఆలోచించుకున్న మనిషిని. మామా ఆ తర్వాత ఇంకెక్కడికీ పోలేదు, రెండేళ్లకు చనిపోయింది. ఇక గాజు సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం మిగిలాం.

పోయిన ఏడు సెలవుపై ఇంటికి పోయినప్పుడు ఆమెను చూశాను. వెతుక్కుంటూ పోలేదు. మదనపల్లె టమోటా మార్కెట్లో మా చుట్టం ఒకాయన మండీ ఉంది, ఊరికే అక్కడికి పోయాను. పండ్లు ఏరే ఆడవాళ్ల వరసలో కూర్చుని ఉంది. వెంట్రుకలు నెరిశాయి. నేను తప్పుకునేలోపే చూసింది. లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"బాగుండావా అన్నా," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "ఈయనే నేను చెప్పిన కువైటాయన," అని మిగతావాళ్లకు చెప్పింది. వాళ్లలో ఒకామె, "ఆ బురుజులూరి కతేనా? అబ్బ, మళ్లీ మొదలుపెట్టింది," అని నవ్వింది. నేను పెట్టిన నవ్వు సముద్రం దాటి ఇక్కడికి వచ్చి ఉంది.

"ఏజెంట్లు నా పేరు చెప్తేనే వద్దంటాండారు," అంది ఆమె, గొంతు తగ్గించి. "అది పోనీ. నా మొగుడు చచ్చేదాకా నమ్మలేదన్నా. గాజు ఎవురికమ్మినావని అడిగి అడిగి చచ్చినాడు. నా కొడుకు పెద్దోడైనాడు. వాడూ అదే అనుకుంటాండాడు, నోటితో అనడు, అంతే. రేపు పొద్దున మా ఇంటికి రా. వాని ముందర ఒక్కమాట చెప్పు. కాఫీ తాగి పోదువు. నీకేం నష్టం? ఇప్పుడు ఆ ముసలామె కూడా లేదంట కదా."

"వస్తా," అన్నాను. నా నంబరు తీసుకుని, ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పింది. నీళ్ల ట్యాంకు దాటినాక రెండో సందు, నీలం తలుపు.

మర్నాడు పొద్దున బస్టాండుకు వెళ్లాను. ఆమె ఊరి బస్సు నిలబడి ఉంది. దాని పక్కనే చెన్నై బస్సు. చెన్నై నుంచి నా విమానానికి ఇంకా మూడు రోజులుంది. చెన్నై బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. తొమ్మిదింటికి ఫోన్ మోగింది, తెలియని నంబరు. పదింటికి మళ్లీ మోగింది. ఆ తర్వాత మోగలేదు. కాఫీ కాచి పెట్టుకుని, కొడుకును పనికి పోనీకుండా ఆపుకుని ఉంటుంది. నేను రాకపోయేసరికి ఆ పిల్లవాడు ఏమనుకున్నాడో ఊహించడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేదు.

ఆ నీలం తలుపు ముందు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఆ కొడుకు చదివితే చాలు.

నాయనా, ఆ ఊరుంది. బురుజులున్నాయి. బావి ఉంది. గాజు మామా తన చేత్తో బావిలో వేసింది, మీ అమ్మ వద్దన్నా వినలేదు. ఆ మాట మామా నోటి నుంచే నేను విన్నాను. విని తలూపాను.