ముక్కాయన చెప్పిన వాసనలు

ముక్కున్నంతకాలం పడిశం తప్పదంటారు. ముక్కాయనకు వచ్చిన పడిశం మాత్రం పోతూ పోతూ ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది. పైకి చూస్తే ముక్కు ఉన్నచోటే ఉంది, కాస్త పొడుగ్గా, కొసన ఎర్రగా. వాసన పట్టే గుణమే పోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు. మూడో మనిషికి తెలియకూడదనే ఆయన తాపత్రయమంతా.

ముక్కాయన అన్న పేరు ఊరికే రాలేదు. బావమరిది నడిపే పబ్బులో బీరు కాచేది ఆయనే. సీసాలు తెచ్చి మూతలు తీసి పోసే చోటు కాదది. ముందు గదిలో బల్లలు, కౌంటరు మీద వరసగా కుళాయిలు, అద్దం గోడకు అవతల రాగి ట్యాంకులు. మొలకగింజల్ని ఉడకబెట్టి, ఆ నీళ్ళలో చేదు కోసం హాప్స్ అనే పువ్వు వేసి మరిగించి, పులియబెట్టి, అక్కడికక్కడే కుళాయికి ఎక్కిస్తారు. సీజన్‌కొక కొత్త బీరు. అది కుళాయికి ఎక్కే మధ్యాహ్నానికి 'రుచుల ఆదివారం' అని పేరు. ఆ రోజు చిన్న గ్లాసుల్లో తలా కాస్త పోస్తారు. ముక్కాయన ముందు నిలబడి అందులో ఏ వాసనుందో చెబుతాడు. వచ్చినవాళ్ళు ముక్కులు గ్లాసుల్లో దూర్చి ఆయన చెప్పింది వెతుక్కుంటారు.

మంచి రోజుల్లో ఆయన కళ్ళకు గంతలు కట్టి ఏ గ్లాసు అందించినా, ఇది కిటికీ పక్క ట్యాంకుది, ఇది అడుగున మిగిలింది, ఇది సబ్బు పోయేట్టు కడగని గ్లాసు అని చెప్పేసేవాడు. జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. మనిషి కూడా ముక్కుసూటి. ట్యాంకులో కాస్త తేడా వాసన తగిలితే చాలు, బావమరిది లబోదిబోమంటున్నా వినకుండా మొత్తం కాలువలోకి వదిలేసేవాడు. "బాగాలేనిది పొయ్యడానికి నాకు చేతులు రావు" అనేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దానితో పనుంది.

ఇంట్లో మాత్రం ఈ ముక్కు ప్రతాపం చెల్లేది కాదు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే భార్య ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకునేది. "వచ్చింది కుడితి తొట్టి! ముందు స్నానం, తర్వాతే మాటలు." ఉడికిన గింజల వాసన ఆయన చొక్కాకూ జుట్టుకూ పట్టేసి ఉండేది, అచ్చం గొడ్లకు పెట్టే కుడితిలాగే. పబ్బులో వంటగది అంతా ఆవిడ చేతి మీదుగానే నడిచేది గానీ, బీరు మాత్రం ఎన్నడూ ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు.

జ్వరమూ పడిశమూ తగ్గిన వారంలో ఒక పొద్దున పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడుతుంటే ముక్కాయన పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, ఆయన మొహంలోకి చూసింది.

"ఏవండీ, వాసన రాలేదా?"

రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే, వస్తే వస్తుంది, రాకపోతే లేదన్నాడు. ఆ మాత్రం దానికి డాక్టరెందుకో! నాలుక మాత్రం బతికే ఉంది. తీపి, పులుపు, ఉప్పు, చేదు తెలుస్తున్నాయి. అంతకు మించి ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళు ప్రాణం పెట్టి కాచిన బీరు ఆయన నోట్లో ఇప్పుడు వట్టి చేదు నీళ్ళు.

"తమ్ముడికి చెప్పేద్దామండీ" అంది భార్య.

"చెబితే? ముక్కులేని ముక్కాయన్ని ఎవడు పెట్టుకుంటాడు?"

"వాడు నా తమ్ముడు."

"నీకు తమ్ముడు. నాకు యజమాని."

ఆ భయం అబద్ధం కాదు. ఇంకో చోట చేరాలన్నా ముందు గ్లాసు చేతికిచ్చి ఏం వాసనో చెప్పమంటారు. వేరే పని ఆయనకు రాదు. వచ్చిన ఒక్క పని అంటే ప్రాణం. అందుకని మొగుడూ పెళ్ళాం ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త బీరు తయారవగానే ఆయన ఎవరూ లేని వేళ చూసి ఒక గ్లాసు వంటగది వెనక్కి తెచ్చేవాడు. ఆవిడ వాసన చూసి చెప్పేది. నలుగురిలో మాత్రం నోరు విప్పకూడదు.

ఆవిడకు బీరు కాచేవాళ్ళ మాటలు రావు, ఇంటి మాటలే వచ్చు. "మాడిన రొట్టె అంచు" అనేది. "దుప్పట్లు పెట్టిన పాత బీరువా తెరిచినట్టుంది" అనేది. ఒకసారి కళ్ళు మూసుకుని, "బడి తెరిచిన రోజు కొత్త పుస్తకం ఉంటుంది చూడండీ, అది" అంది. ఆయన అవే మాటలు తీసుకెళ్ళి ముందు గదిలో అప్పజెప్పేవాడు. జనం పడి చచ్చారు. ముక్కున్నప్పుడు రానంత పేరు ముక్కు పోయాక వచ్చింది. ప్రతి రుచుల ఆదివారానికీ తప్పకుండా వచ్చే రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన ఉన్నాడు, అందరూ బ్యాంకాయన అంటారు. ఆయనైతే చప్పట్లు కొట్టి, "ఎక్కణ్ణుంచి తెస్తారండీ ఈ మాటలు?" అని అడిగాడు.

ముక్కాయన చూపుడువేలితో తన ముక్కు మీద తట్టి చూపించాడు. అందరూ నవ్వారు. వంటగది కిటికీలోంచి భార్యా నవ్వింది. తర్వాతి సీజన్‌లోనూ ఆయన అలాగే తట్టాడు, ఆ పై సీజన్‌లోనూ తట్టాడు. ఆవిడ నవ్వడం మానేసింది. చప్పట్ల హోరులో ఉన్నవాడికి కిటికీ వైపు చూసే తీరికెక్కడిది?

చలికాలం నల్ల బీరు దగ్గర కథ అడ్డం తిరిగింది. ట్యాంకు కడిగే మందు అయిపోతే ముక్కాయన బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళతో కడిగాడు. ఆ తర్వాత మంచినీళ్ళతో ఎన్నిసార్లు కడగాలన్నదానికి ఆయన దగ్గర ఎప్పుడూ లెక్క లేదు. తల లోపలికి పెట్టి పీల్చి, బ్లీచింగ్ వాసన పోయేదాకా కడిగేవాడు. ఈసారీ అలవాటు కొద్దీ తల పెట్టి పీల్చాడు. వాసనే లేదు. సరిపోయిందనుకుని మూత వేశాడు.

ఆదివారం పొద్దున ఆయన చాటుగా వంటగదికి గ్లాసు చేరవేసేలోపే ట్యాంకు దగ్గర బావమరిది ఉన్నాడు, గ్లాసులు అందించే కుర్రాళ్ళు ఇద్దరున్నారు. భార్య వంటగదికి వెళ్తూ అటుగా వచ్చింది. బావమరిది మొదటి గ్లాసు పట్టి, "అక్కా, నీ చేత్తో మొదలెట్టు" అని సరదాగా ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒప్పందం గుర్తొచ్చేలోపే మాట బయటపడింది.

"ఛీ, ఆసుపత్రి వాసన! పుండుకు కట్టిన కట్టు విప్పినట్టుంది."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే ముందు ముక్కాయన ఉలిక్కిపడ్డాడు. ఆ కంగారులోనే కోపం తెచ్చుకున్నాడు.

"ఉల్లిపాయలు తరుక్కునే ముక్కుకి బీరు సంగతేం తెలుస్తుంది? నువ్వెళ్ళి వంట చూసుకో."

కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఆగు బావా, నాక్కూడా ఏదో తేడాగా ఉంది" అన్నాడు బావమరిది.

ముక్కాయన గ్లాసు అందుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు పీల్చాడు. గాలి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. "లవంగం" అన్నాడు. "పులియబెట్టే ఈస్టు ఇచ్చే లవంగం వాసన అది. నల్ల బీరుకి అదే అందం." బావమరిది ఎన్నడూ బావ ముక్కును కాదని తన ముక్కును నమ్మినవాడు కాదు. సరేనని తలూపాడు.

కాసేపాగి ముక్కాయన పిల్లిలా వంటగదిలోకి వచ్చాడు. ఆవిడ నిజంగానే ఉల్లిపాయలు తరుగుతోంది.

"నిజంగా ఆసుపత్రి వాసనేనా?"

"లవంగమే లెండి. బాగుంది."

"కోపంలో చెప్పకు. నా ఉద్యోగం ఇది."

"నా ముక్కుకేం తెలుసు? మీరే అన్నారుగా, నలుగురి ముందూ."

ఆవిడ కత్తి ఆపలేదు. తలెత్తలేదు. ముక్కాయనకు అర్థమైంది, అంతా అర్థమైంది. ఆవిడ పొద్దున చెప్పిందే నిజమని తెలుసు. ట్యాంకు అడుగు కుళాయి తిప్పితే బీరంతా కాలువలోకి పోతుంది, ఆ పని ఆయన చాలాసార్లు చేసినవాడే. కానీ తిప్పితే ఎందుకు తిప్పావంటారు. అక్క మాటే నిజమైతే నీ ముక్కేమైందంటారు. బాగాలేనిది పొయ్యడానికి చేతులు రావన్న మనిషికి ఆ మధ్యాహ్నం చేతులు బాగానే వచ్చాయి.

హాలు నిండిపోయింది. ముక్కాయన గ్లాసు దీపానికి ఎత్తి పట్టి, "ముందు లవంగం, వెనకాల ఎండుద్రాక్ష" అన్నాడు. జనం ముక్కులు దూర్చారు. "అబ్బ, లవంగం!" అన్నారొకరు. "ఎండుద్రాక్ష తెలుస్తోంది" అన్నారింకొకరు. బ్యాంకాయన ఒకడుగు ముందుకేసి, "కాస్త పొగ కూడా ఉందండోయ్" అన్నాడు. వాళ్ళను చూస్తుంటే ముక్కాయనకు, ఇంతమందికి ఉన్న ముక్కులేమయ్యాయా అనిపించింది. మొదటిసారి వచ్చిన ఒక నర్సు ఉంది, మూలబల్ల దగ్గర. ఆవిడ వాసన చూసి పకపకా నవ్వింది.

"ఇదేంటండీ, డ్యూటీ దిగి ఇక్కడికొస్తే మళ్ళీ మా వార్డు వాసనే!"

జనం మళ్ళీ గ్లాసుల్లో ముక్కులు దూర్చారు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. "నేనూ అప్పుడే అనుకున్నాను." "నాకు మొదటి గుటకకే అనిపించింది." పొగ కనిపెట్టిన బ్యాంకాయనే అందరికంటే ముందు గ్లాసు పెట్టేసి మూతి తుడుచుకున్నాడు. ముక్కాయన మాత్రం కుడితిలో పడ్డ ఎలుకలా కౌంటరు వెనక అటూ ఇటూ తిరిగాడు. కిటికీ వైపు చూశాడు. భార్య ప్లేటు తుడుస్తోంది.

మర్నాడు బావమరిది ఆయన్ని ట్యాంకుల గదిలో కూర్చోబెట్టాడు. "కళ్ళు మూసుకో బావా, పాత ఆట ఆడదాం" అన్నాడు. ముక్కు కింద ఏదో పెట్టాడు. ముక్కాయన పీల్చాడు. నిన్న మిగిలిన బీరు తప్ప వాడి చేతిలో ఇంకేముంటుందనుకున్నాడు.

"నల్ల బీరే. లవంగం కాస్త ఎక్కువైంది, ఒప్పుకుంటాను."

కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా నేల తుడిచే ఫినాయిలు సీసా. బావమరిది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూత బిగించి సీసా కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి బావా?"

"ఆ జ్వరం వచ్చినప్పట్నుంచి."

"అక్కకి తెలుసా?"

ముక్కాయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"తెలిసే, అక్కని అంత మాటన్నావా?"

ఉద్యోగం పోతుందనుకున్నాడు. పోలేదు. బావమరిది చెడ్డవాడు కాదు, వ్యాపారం తెలిసినవాడు. ట్యాంకులు ఆపేశాడు. పెద్ద ఫ్యాక్టరీ నుంచి బీరు పీపాల్లో దిగుతుంది, వెనక తలుపున వచ్చి కుళాయిలకు ఎక్కుతుంది. రాగి ట్యాంకులు తళతళా తోమించి, వాటి మీద దీపాలు పెట్టించాడు. "ముక్కు పోతే పోయింది బావా, నోరుంది కదా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నువ్వు ముందర నిలబడి మాట్లాడు చాలు" అన్నాడు. ముక్కాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఇంట్లో భార్య గొడవ పెట్టుకోలేదు. మాట్లాడటమూ మానలేదు. పాలు మాడకుండా తనే చూసుకునేది. ఏదైనా వాసన చెప్పమంటే మాత్రం "బాగుంది" అనేది. కొత్త బీరు గ్లాసు తెస్తే బాగుంది. అటక మీంచి దించిన పరుపు ఎలా ఉందంటే బాగుంది. తన తప్పేనని ఆయన ఒక రోజు తల వంచుకుని చెప్పాడు కూడా. "సరే లెండి" అంది. మర్నాడు మళ్ళీ అడిగితే, బాగుంది.

వేసవి బీరు రుచుల ఆదివారం వచ్చింది. ముక్కాయన తాను కాయని బీరు, తనకు వాసన తెలియని బీరు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడానికి మాటల్లేక పాత మాటలే వెతుక్కున్నాడు. దుప్పట్ల బీరువా అన్నాడు, కొత్త పుస్తకం అన్నాడు. జనం ముక్కులు దూర్చి అవునవునన్నారు, చప్పట్లు కొట్టారు. నోట్లో చేదొక్కటే తగిలింది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చాడు. భార్య తలుపు తీసి, పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఆయన గుమ్మంలోనే ఆగాడు. ఆ పాత 'కుడితి తొట్టి' మాట కోసం చూశాడు. అది రాలేదు. ఎన్నాళ్ళుగానో రావడం లేదని అప్పుడు తట్టింది ఆయనకు.

"స్నానం చెయ్యమనవేం?"

"దేనికండీ?"

ఆయన చొక్కా చెయ్యి ఆవిడ ముందుకు చాపాడు. "ఈ ఒక్కసారికి బాగుందనకు. నిజం చెప్పు."

ఆవిడ ఆయన మొహం వంక చూసింది. ఏమనుకుందో, వంగి ఆ చొక్కా చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంది. మణికట్టు దగ్గర చూసింది, భుజం దగ్గర చూసింది, ఆయన మెడ దగ్గర చూసింది. అబద్ధం చెప్పలేదు.

"ఏ వాసనా రావట్లేదండీ" అంది.