ఆవపిండి రంగు స్వెట్టరు

ఈమధ్య వచ్చే ఫ్రిజ్‌లకు పిడి ఉండటం లేదు. తలుపు అంచున ఎక్కడో ఒక గాడి ఉంటుంది, కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికినట్టు దాన్ని వేళ్ళతో తడుముకోవాలి. మేం మొన్న కొన్నదాంట్లోంచి మంచినీళ్ళు తీయాలంటే ముందు దాన్ని కాసేపు బుజ్జగించాలి. ఎక్కువ డబ్బు పెట్టినందుకు ఒక పిడి తక్కువ ఇచ్చారు. ఆ రోజుల్లో అలా కాదు. ప్రతి ఫ్రిజ్‌కూ పిడి ఉండేది. రాంగోపాల్‌పేట్‌లో మా అత్తవారింట్లోనైతే ఆ పిడికి పువ్వులు కుట్టిన తొడుగు కూడా ఉండేది. టీవీకి ముసుగు, మిక్సీకి టోపీ, గ్యాస్ సిలిండరుకు కుచ్చుల గౌను (పండగలకు వేరే గౌను). పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో ఒకేచోట ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాలంటే నాకు కొంచెం భయంగా ఉండేది.

అదంతా మా అత్తయ్యగారి చేతిపని. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన కుటుంబం. మామయ్యగారికి నట్లు, బోల్టుల దుకాణం. ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం భోజనాలయ్యాక అత్తయ్యగారి అధ్యక్షతన ఒక సమావేశం జరిగేది. కొత్త సంవత్సరంలో ఎవరికి ఏం కుట్టాలి, ఎవరికి ఏం అల్లాలి అన్నది అక్కడే తేలాలి. నేను అల్లుడి హోదాలో హాజరైన మొదటి సమావేశంలో మా ఆవిడ జాకెట్లు అడిగింది, మామయ్యగారు దిండు గలేబులు అడిగారు, మా ఆవిడ బాబాయి తన స్కూటరు సీటుకు చలేస్తోందన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. ఆవిడ అన్నిటికీ తలూపారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోకుండా, మరి మీకేం కుట్టుకుంటారని అడిగాను. నాకెందుకు బాబూ అన్నారావిడ. గదిలో నలుగురు నిశ్శబ్దంగా ఉంటే దాన్ని పూరించడం నా బాధ్యత అనుకునే వయసది. "అయితే అత్తయ్యగారికి స్వెట్టరు నేనల్లుతాను" అన్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కొత్త అల్లుణ్ణి చూసి నవ్వకూడదని ఆ ఇంట్లో నియమం. దాన్ని వాళ్ళు ఎంత నిష్ఠగా పాటించేవారంటే, నా జోకులకు కూడా ఎవరూ నవ్వేవారు కాదు. ఆరోజూ నవ్వలేదు. అత్తయ్యగారు "నిజంగానా బాబూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు. (అల్లుడు అల్లడం గురించి బాబాయి ఆ తర్వాత ఏడాదంతా చాటుగా వేసిన జోకులు ఇక్కడ రాయను. మీరు ఊహించుకోగలరు.)

బోయిగూడలో మా అద్దె వాటాకు తిరిగొస్తుంటే, నలుగురిలో నన్ను మీరు అని పిలిచే మా ఆవిడ ఆటోలో అసలు సంగతి చెప్పింది. "సిలిండరుక్కూడా అమ్మే కుట్టింది కదా. అమ్మకి ఇంతవరకూ ఎవరూ ఒక చేతిరుమాలైనా కుట్టలేదు. అది జోకని చెప్పావో, నీ సంగతి చెప్తా."

మరుసటి ఆదివారానికి సూదులు, ఆవపిండి రంగు వూలు ఉండలు వైరుబుట్టలో సిద్ధంగా ఉన్నాయి. సికింద్రాబాదులో స్వెట్టరు వేసుకోవాల్సినంత చలి ఎన్నాళ్ళుంటుందన్న ప్రశ్న అప్పటికే ఆలస్యమైపోయింది. ప్రతి ఆదివారం భోజనం కాగానే అత్తయ్యగారి పక్కన కుర్చీ వేసుకుని నేర్చుకునేవాణ్ణి. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా. నాకు రెండూ ఒకేలా వచ్చేవి. కుట్టు జారిపోతే ఆవిడ "పర్వాలేదండి" అనేవారు. జారిన కుట్టు కింద ఇంకో నాలుగు జారి, నా వేలు పట్టేంత కన్నం పడితే "బాగానే ఉంది బాబూ, గాలి ఆడుతుంది" అనేవారు. బుట్ట అక్కడే వదిలి వచ్చేవాణ్ణి. విచిత్రమేమిటంటే, మళ్ళీ ఆదివారం వెళ్ళి చూస్తే నా అల్లిక నేను గుర్తుపెట్టుకున్న దానికంటే బాగుండేది. కన్నాలు కనిపించేవి కావు, అంచులు తిన్నగా ఉండేవి. మొదట్లో ఆశ్చర్యపోయాను. తర్వాత, కొందరికి ఇలాంటివి పుట్టుకతో వస్తాయని సరిపెట్టుకున్నాను. ఆఫీసులో ఒకరిద్దరికి ఈ మాట చెప్పాను కూడా.

వానాకాలంలో ఒక బుధవారం, మా ఆవిడ పంపిన గిన్నె ఏదో ఇవ్వడానికి చెప్పాపెట్టకుండా అత్తవారింటికి వెళ్ళాను. మామయ్యగారు హాల్లో కుర్చీలో కూర్చుని, పోలీసులకు లొంగిపోయినట్టు రెండు చేతులూ పైకెత్తి ఉన్నారు. ఆ చేతుల చుట్టూ ఆవపిండి రంగు వూలు. ఎదురుగా అత్తయ్యగారు నా స్వెట్టరు వీపు ఒళ్ళో పెట్టుకుని, నేను ఆదివారం అల్లిందంతా ఊడదీస్తున్నారు. అల్లుడొస్తే లేచి నిలబడటం ఆయన అలవాటు. లేస్తే వూలు తెగుతుంది. సగం లేచి, చేతులు దించకుండా, "రండి బాబూ. ఏం లేదు, అప్పుడప్పుడు వూలుకు కాస్త గాలి తగలాలట" అన్నారు. నేను కూడా అవునండీ, తగలాలి అన్నాను. గిన్నె ఇచ్చి, కాఫీ తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడకు ముందే తెలుసు. "నువ్వు అల్లింది తను వేసుకోవాలని అమ్మకి ఎంతో ఆశ. అలా ఉంటే వేసుకోలేదు. కొత్త అల్లుడివి, నీకు చెప్పలేదు. మరేం చేస్తుంది?" అంది. ఆ మాట విన్నాక నిద్రపట్టని రకం కాదు నేను, పడుకున్నాను. కానీ ఒక విషయం అర్థమైంది. ఇలాగే సాగితే ఆ ఇంట్లో అందరికీ అల్లినట్టే ఆవిడ తన స్వెట్టరు కూడా తనే అల్లుకుంటారు, నేను పక్కన కూర్చుని కాఫీ తాగినవాణ్ణవుతాను. ఆ ఆదివారమే ఏదో సాకు చెప్పి బుట్ట మా ఇంటికి తెచ్చేశాను. అత్తయ్యగారు గుమ్మం దాకా వచ్చి, బుట్ట వైపు చూస్తూ జాగ్రత్తండీ అన్నారు.

ఆ తర్వాత, మిగిలిన స్వెట్టరు చేతులు రెండూ పూర్తిగా నావే. ఆఫీసుకెళ్ళే ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైల్లో అల్లేవాణ్ణి. నాతోపాటు ఎక్కే మా ఆఫీసు కుర్రాడొకడు కొన్నాళ్ళు చూసీచూడనట్టు ఉండి, చివరికి ఆగలేక, "ఏందన్నా, షాదీ అయినంక గిట్లయిపోయినవ్?" అన్నాడు. బేగంపేట రాకముందే ఒక కుట్టు జారింది. ఈసారి దాన్ని బుధవారం ఎవరూ సరిచేయరని తెలుసు కాబట్టి నేనే ఊడదీసి మళ్ళీ అల్లాను. మళ్ళీ జారింది.

డిసెంబరు ఆఖరి ఆదివారం సమావేశానికి స్వెట్టరు పాత పేపర్లో చుట్టి పట్టుకెళ్ళాను. అత్తయ్యగారు చేతులు కడుక్కొచ్చి, చీర మీదే తొడుక్కున్నారు. వీపు ఆవిడదే కాబట్టి చక్కగా కూర్చుంది. కుడిచెయ్యి మణికట్టు దాకా వచ్చి ఆగింది. ఎడమచెయ్యి ఆగలేదు, వేళ్ళు దాటి ఏనుగు తొండంలా కిందికి వేలాడింది. బాబాయి అద్భుతమన్నాడు. బజార్లో ఇలాంటిది దొరకదని మామయ్యగారు అన్నారు, అది నిజమే. మా ఆవిడ గోడ మీది క్యాలెండరు చదవసాగింది. అప్పుడు బాబాయి తీసిన ఫోటో ఇప్పటికీ మా దగ్గరుంది. అందులో అత్తయ్యగారి పక్కన ఒక బక్కపలచటి కొత్త అల్లుడు, రిజల్ట్సు బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడి ఉంటాడు. వాణ్ణి చూస్తే నాకిప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఇంకోసారి "పర్వాలేదండి" అనిపించుకోకుండా ఉంటే చాలని వాడు లోపల దండాలు పెట్టుకుంటున్న సంగతి ఫోటోలో పడలేదు. అత్తయ్యగారు ఎడమచేతిని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, నావైపు తిరిగారు.

"కుడిచెయ్యి సరే. ఎడమచెయ్యి దరిద్రంగా వచ్చింది, ఊడదీసెయ్."